1710 స్టాక్‌హోమ్ ప్లేగు: నగరం విడిచి వెళ్ళిన పాలకులది తప్పేనా?

పాతపుటలు (చర్చ ప్రారంభించినవారు)

1709లో డాంట్సిగ్ (నేటి గ్దాన్‌స్క్), కోనిగ్స్‌బర్గ్ (నేటి కలినిన్‌గ్రాడ్) నగరాలను పీడించిన ప్లేగు మరుసటి ఏడాది బాల్టిక్ సముద్రం తూర్పు తీరాన అప్పట్లో స్వీడన్ ఏలుబడిలో ఉన్న రీగా, రేవల్ (నేటి టాలిన్) కోటల్లోకి ప్రవేశించింది. రష్యా సేనల ఒత్తిడి ఒకవైపు, రోగం మరొకవైపు పీడించగా ఆ రెండు కోటలూ 1710లోనే లొంగిపోయాయి. అక్కడి నుంచి ప్రాణాలు దక్కించుకుని బయటపడిన కాందిశీకులకు స్వీడన్ తీరమే దిక్కయింది. వారితో పాటు ఓడల్లో రోగమూ వచ్చింది. సుమారు 55,000 మంది నివసించే స్టాక్‌హోమ్‌లో 20,000 మందికి పైగా చనిపోయారు. స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ అప్పటికే పొల్తావా యుద్ధంలో రష్యా చేతిలో ఓడి ఆటోమన్ సామ్రాజ్యంలోని బెండర్‌లో తలదాచుకుంటున్నాడు కాబట్టి పాలన రాజ్యమండలి చేతిలో ఉంది. ఆ మండలి సభ్యులూ, రాజకుటుంబమూ నగరం విడిచి ఆర్బోగా, సాలా వంటి లోతట్టు పట్టణాలకు తరలిపోయారు.

నా దృష్టిలో అది కర్తవ్యద్రోహం. 1654లో కోపెన్‌హాగన్‌లో ప్లేగు చెలరేగినప్పుడు, ఒకనాడు డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్‌కు ఆస్థాన వైద్యుడిగా పనిచేసిన ఓలె వోర్మ్ అరవయ్యారేళ్ళ వయసులో రోగుల మధ్యనే ఉండిపోయి, ఆ ఏడాదే కన్నుమూశాడు. ఆయనకు వెళ్ళే దారి లేక కాదు. మిగతావారి అభిప్రాయం తెలుసుకోవాలనుకుంటున్నాను.

గోదారిగట్టు

పాతపుటలు గారూ, మీరు పోల్చకూడనివారిని పోల్చారు. వోర్మ్ వైద్యుడు, రోగి పక్కన నిలబడటమే ఆయన వృత్తి. రాజ్యమండలి పని అది కాదు. రాజు పరదేశంలో ఉన్నాడు, తూర్పున రష్యా, పడమట డెన్మార్క్ కత్తులు దూసి ఉన్నాయి. డెన్మార్క్ సేన స్వీడన్ దక్షిణ కొస అయిన స్కోనియాలో దిగగా, ఆ ఏడాది వసంతారంభంలోనే స్వీడిష్ సేనాని మాగ్నుస్ స్టేన్‌బాక్ హెల్సింగ్‌బోర్గ్ వద్ద దాన్ని ఓడించి తరిమాడు. అలాంటి సమయంలో మండలి సభ్యులు సగం మంది ప్లేగుతో చనిపోతే పన్నులు, ధాన్యం, సైన్యం జీతాల ఉత్తర్వుల మీద ఎవరు సంతకం పెట్టేవారు?

పైగా వారు ఉండి చేసేదేముంది? ప్లేగు క్రిమిని 1894లో హాంగ్‌కాంగ్‌లో గానీ ఎవరూ కనిపెట్టలేదు. త్వరగా వెళ్ళు, దూరం వెళ్ళు, ఆలస్యంగా తిరిగి రా అన్నదే ఆ కాలంలో ఐరోపా వైద్యులు ఇచ్చిన అత్యుత్తమ సలహా. ఆ సలహాను పాటించినవారిని ద్రోహులనడం అన్యాయం.

మేలరెన్_తీరం

నేను స్టాక్‌హోమ్‌లోనే ఉంటున్నాను. ఒక్క వివరం చేరుస్తాను. మరణాలు ఎక్కువగా సంభవించింది గోడలు పంచుకుని నిలిచిన పాత నగరంలో కాదు, దాని వెలుపల పేదలు ఉండే పేటల్లో. మృతుల్లో సుమారు 45 శాతం స్త్రీలు, 39 శాతానికి కాస్త తక్కువగా పిల్లలు.

పాతపుటలు

మేలరెన్_తీరం గారు ఇచ్చిన అంకెలే నా వాదన. వెళ్ళగలిగినవారు వెళ్ళారు, బండీ బంధువుల ఎస్టేటూ లేనివారు చనిపోయారు. గోదారిగట్టు గారు సలహా గురించి మాట్లాడుతున్నారు గనుక అడుగుతున్నాను: త్వరగా వెళ్ళమన్న సలహా ఆ పేటల్లోని స్త్రీలకు ఎవరు చెప్పారు? కొలీజియం మెడికమ్ అనే వైద్య మండలి ఆగస్టు చివరిదాకా ఇది ప్లేగు కాదనే చెబుతూ వచ్చింది. ఓడలో చనిపోయినవారి ఒంటి మీదా, నగరంలో చనిపోయినవారి ఒంటి మీదా బిళ్ళలు, అంటే గజ్జల్లో, చంకల్లో వచ్చే ప్లేగు వాపులు, కంటికి కనిపిస్తున్నా అదే మాట.

వైద్యమిత్ర

బిళ్ళలు కనిపించాయి కాబట్టి ప్లేగని తెలిసిపోయి ఉండాలన్న మాటను అంగీకరించలేను. యుద్ధకాలంలో సైనిక శిబిరాల నుంచీ ఓడల నుంచీ ప్రతి ఏటా ఏదో ఒక జ్వరం వచ్చేది, వాటిలో పేల ద్వారా వ్యాపించే టైఫస్ ముఖ్యమైనది. ఒంటి మీద మచ్చలు, సన్నిపాతం, రోజుల్లో మరణం అనే లక్షణాలు ప్లేగు, టైఫస్ రెండింటిలోనూ ఉంటాయి. గజ్జల్లో బిళ్ళ కట్టడానికి కాలి పుండు చాలు. నేటి వైద్యుడు రక్తపరీక్ష చేసి చెప్పేదాన్ని వారు కంటితో చూసి చెప్పాలి.

ఆ వైద్య మండలిలో ప్రముఖుడైన ఉర్బన్ యార్నె మూర్ఖుడు కాడని కూడా గుర్తించాలి. 1676లో స్టాక్‌హోమ్‌లో మంత్రగత్తెలన్న ఆరోపణపై స్త్రీలకు మరణశిక్షలు పడుతుండగా, సాక్ష్యం చెబుతున్న పిల్లల మాటలు కల్పితాలని బయటపెట్టి ఆ విచారణలు ఆగిపోవడానికి తోడ్పడినవారిలో ఆయన ఒకడు. భయంతో జనం చెప్పే మాటను వెంటనే నమ్మకూడదన్న పాఠం నేర్చుకున్న మనిషి, ముప్పై నాలుగేళ్ళ తర్వాత ప్లేగు అన్న భయంకరమైన మాటను ప్రకటించడానికి వెనుకాడి ఉంటే నాకు ఆశ్చర్యం లేదు.

పాతపుటలు

వైద్యమిత్ర గారూ, ఒక ఓడలో ఒక మనిషికి బిళ్ళ ఉంటే మీ మాట నిజం. ఆ ఓడ బయలుదేరిన తీరమంతా ప్లేగుతో చస్తున్నదని తెలిసినప్పుడు కాలి పుండును ఎవరు అనుమానిస్తారు?

వైద్యమిత్ర

ఆ తీరమంతా ముట్టడిలో ఉందని కూడా తెలుసు. ముట్టడిలో టైఫస్ రాని కోట లేదు. బిళ్ళల సంగతి మీరు తేలిగ్గా తీసుకుంటున్నారు.

ఉప్పుటేరు

ఇద్దరూ బిళ్ళల దగ్గరే ఆగిపోయారు. ప్రశ్న పాలకులు నగరం విడవడం గురించి.

గోదారిగట్టు

స్త్రీలూ పిల్లల అంకెల గురించి ఒక మాట చెప్పాలి. 1700 నుంచి యుద్ధంలో ఉన్న దేశం అది. వయసులో ఉన్న మగవారు సైన్యంలో, నౌకాదళంలో ఉన్నారు, ఎందరో పొల్తావా తర్వాత బందీలయ్యారు. మగవారు తగ్గిన నగరంలో మృతుల్లోనూ స్త్రీలూ పిల్లలే ఎక్కువగా ఉంటారు. పాలకులు కదలకుండా ఉన్నా ఆ నిష్పత్తి మారేది కాదు.

మరో ఉదాహరణ ఇస్తాను. అదే 1710లో ఇమాన్యుయేల్ స్వీడన్‌బోర్గ్ లండన్ చేరాడు. ఇరవై రెండేళ్ళవాడు, స్కారా బిషప్ కుమారుడు. స్వీడన్‌లో ప్లేగు ఉందన్న వార్త వల్ల అధికారులు ఆ ఓడను ఆరు వారాలు క్వారంటైన్‌లో ఉంచారు. అతడు తోటి స్వీడిష్ వారి మాట విని చిన్న పడవలో గుట్టుగా నగరంలోకి వెళ్ళి పట్టుబడ్డాడు, ఉరికంబం దాకా వెళ్ళి క్షమాభిక్షతో బయటపడ్డాడు. అలాంటి విద్యావంతుడికే నిబంధన పట్టలేదు. రాజ్యమండలి సభ్యులు స్టాక్‌హోమ్‌లో కూర్చుని ఎన్ని ఉత్తర్వులు జారీ చేసినా జనం పాటించేవారన్న నమ్మకం నాకు లేదు.

పాతపుటలు

మీ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతోంది. లండన్ అధికారులు వార్త విని ఓడను ఆపారు, బిషప్ కొడుకైనా సరే ఉరి తీస్తామన్నారు. అంటే అనుమానం మీద చర్య తీసుకోవడం ఆ కాలంలో సాధ్యమే. స్టాక్‌హోమ్‌లో ఆ పట్టుదల లేదు.

జనం పాటించరు అని ఎంత సులువుగా అన్నారు! మాట వినేది ఎవరో, వినిపించుకోనిది ఎవరో నేను దగ్గరగా చూశాను. మా అక్క ఒక జిల్లా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. 2021 మే నెలలో వార్డులో ఆక్సిజన్ చాలడం లేదని ఆమె రాసిన కాగితాన్ని పైఅధికారి తీసుకోలేదు, కొరత లేదని పత్రికలకు చెప్పాడు, ఆ వారంలోనే సెలవు పెట్టి కుటుంబంతో ఊరు దాటిపోయాడు. మా అక్క వార్డులోనే ఉంది. ఆమె తిరిగి రాలేదు. పాలన సాగాలి కాబట్టి పెద్దలు బతకాలి అనే వాదన వింటే నా ఒళ్ళు మండుతుంది గోదారిగట్టు గారూ. అది మూడు వందల ఏళ్ళుగా ఒకే వర్గం చెప్పుకుంటున్న మాట.

వైద్యమిత్ర

మీ అక్కగారికి నా నమస్కారం. నేనూ ఆ వార్డుల్లో పనిచేసినవాడినే. అయినా 1710 ఆగస్టులో రోగనిర్ధారణ ఎంత కష్టమో అన్న నా మాటకు ఇది జవాబు కాదు.

గోదారిగట్టు

నన్ను ఆ వర్గంలో కలిపారు కనుక చెబుతున్నాను. ఆ మే నెలలోనే నేను ఇద్దరు చిన్నపిల్లలను తీసుకుని నగరం నుంచి మా అత్తవారి పల్లెకు వెళ్ళిపోయాను. అమ్మానాన్నలను రమ్మని కాళ్ళావేళ్ళా పడినా వారు ఇల్లు కదలనన్నారు. నాన్న పోయారు. అంత్యక్రియలకు కూడా రాలేకపోయాను. బంధువులు ఈ నాటికీ నన్ను పారిపోయినవాడనే అంటారు. నేను చేసింది తప్పు కాదు, మళ్ళీ ఆ పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను. నేను అక్కడ ఉండి ఉంటే నాన్న బతికేవారు కారు, పిల్లలకు మాత్రం సోకేది. వెళ్ళిన ప్రతివాడినీ ద్రోహి అనే మాట ఎంత లోతుగా తగులుతుందో రాసే ముందు ఆలోచించండి.

నిర్వాహకులు

ఇద్దరి బాధనూ గౌరవిస్తున్నాము. పరస్పర నిందలు లేకుండా చర్చ కొనసాగించవలసిందిగా మనవి.

మేలరెన్_తీరం

ఇప్పుడు మీ ఇద్దరి మధ్య ఉన్న అసలు భేదం కనిపిస్తోంది. ఒకరికి వెళ్ళడం తప్పు కాదు, ఇంకొకరికి వెళ్ళేముందు నోరు మెదపకపోవడం తప్పు. ఈ రెండూ ఒకదానికొకటి జవాబులు కావు.

డెన్మార్క్‌ను చూడండి. 1711లో కోపెన్‌హాగన్ తన జనాభాలో దాదాపు మూడో వంతును పోగొట్టుకుంది. రాజు నాలుగో ఫ్రెడరిక్ ఆస్థానం జట్లాండ్‌లోని కోల్డింగ్ కోటకు మారింది. ఆ కోటలో జరిగిన ముసుగు నాట్యంలోనే ఆయన అన్నా సోఫీ రెవెంట్‌లావ్ అనే ప్రభువంశపు యువతి మీద మనసు పడ్డాడు, మరుసటి ఏడాది ఆమెను పుట్టింటి నుంచి ఎత్తుకుపోయాడు. రాజు వెళ్ళినందుకు కాకపోయినా, రాజధాని శ్మశానమవుతుండగా నాట్యం జరిపించినందుకు నాకు కోపం వస్తుంది.

పాతపుటలు

గోదారిగట్టు గారూ, ఇద్దరు పిల్లలతో పల్లెకు వెళ్ళిన తండ్రిని నేను ద్రోహి అనలేదు, అనను. మీ చేతిలో ఏ అధికారమూ లేదు. మీరు వెళ్తూ అమ్మానాన్నలకు నిజం చెప్పారు, రమ్మని బతిమాలారు. రాజ్యమండలి ఆ పేటల్లోని ఎవరిని బతిమాలింది? ప్లేగు ఊరి నుంచి వచ్చేవారిని ధ్రువపత్రం లేనిదే రానివ్వకూడదన్న కట్టడి ఆ కాలపు ఉత్తర ఐరోపాలో మామూలే. ప్లేగు అని ఒప్పుకునే సరికి ముందు వెళ్ళినవారు సురక్షితంగా చేరిపోయారు. తర్వాత వెళ్ళాలనుకున్న కూలి మనిషికి దారిలో ప్రతి ఊరూ తలుపు మూసుకుంది. వారాల ఆలస్యం ధనవంతుడికి ప్రయాణ సమయమైంది, పేదవాడికి ఉచ్చు అయింది.

గోదారిగట్టు

అప్పుడు మీ ఫిర్యాదు వైద్య మండలి మీద ఉండాలి, వారి ఆలస్యం మీద ఉండాలి. శీర్షికలో మీరు అడిగింది పాలకులు నగరం విడవడం గురించి.

పాతపుటలు

శీర్షిక మార్చను. వైద్య మండలి ప్లేగు కాదని చెబుతున్న రోజుల్లో ఆ మాటను నమ్మి ఉంటే పాలకులు బండ్లు కట్టవలసిన అవసరమే లేదు. నమ్మలేదు కాబట్టే వెళ్ళారు. వైద్యమిత్ర గారు చెప్పినట్టు బిళ్ళలను గుర్తించడం అంత కష్టమైతే, రాజకుటుంబానికి ఆ కష్టం ఎందుకు కలగలేదో ఎవరైనా చెప్పండి.

వైద్యమిత్ర

జాగ్రత్త కోసం వెళ్ళడానికి నిర్ధారణ అక్కర్లేదు, అనుమానం చాలు. ప్రకటించడానికి నిర్ధారణ కావాలి. ఓడరేవు నగరంలో ప్లేగు అని ప్రకటిస్తే మరునాడే ధాన్యపు ఓడలు రావడం మానేస్తాయి.

పాతపుటలు

ఆ అనుమానాన్నే పేటల్లోని ఆడవాళ్ళకు కూడా చెప్పి ఉండవలసింది. ధాన్యం సంగతి, ప్రాణం సంగతి వాళ్ళే తేల్చుకునేవారు.