యాక్సియల్ మాస్ పెంచి సరిపెట్టేయొచ్చా?

ప్రశ్న: నమస్కారం అండి. కార్బన్ మీద న్యూట్రినో క్వాసీ ఎలాస్టిక్ క్రాస్ సెక్షన్ లెక్క కడుతున్నాను, అంటే న్యూట్రినో కేంద్రకంలోని ఒక్క న్యూక్లియాన్‌ని (ప్రోటాన్ లేదా న్యూట్రాన్) కొట్టి బయటికి తోసే అవకాశం ఎంతో. మోడల్ మామూలు రిలేటివిస్టిక్ ఫెర్మి గ్యాస్, న్యూక్లియాన్లు కేంద్రకంలో దేనికది స్వేచ్ఛగా తిరుగుతాయనుకునేది. ఫెర్మి మొమెంటం 221 ఎంఈవీ, బైండింగ్ శక్తి 25 ఎంఈవీ. యాక్సియల్ మాస్ (న్యూక్లియాన్ బలహీన బల స్పందనలో యాక్సియల్ భాగం ఎలా తగ్గుతుందో చెప్పే అంకె) 1.03 జీఈవీ పెడితే నా గీత మినీబూన్ అనే న్యూట్రినో ప్రయోగం డేటాకి బాగా కింద ఉంటోంది. 1.35 పెడితే చక్కగా కూర్చుంటోంది. అలాగే ఉంచేయొచ్చా? వారం నుంచి ఇదే టెన్షన్.

జవాబు: ఉంచకండి. ముందొక చిన్న సంగతి చూసుకోండి. మీ ప్లాట్ ఒక్క న్యూట్రాన్‌కా, మొత్తం కేంద్రకానికా? కార్బన్‌లో న్యూట్రాన్లు 6. ఇక్కడ తడబడిన వాళ్లని చాలామందిని చూశాను.

అది సరిగ్గానే ఉంటే, అదే కోడ్‌తో ఎలక్ట్రాన్ లెక్క వేయండి. బీమ్ శక్తి కచ్చితంగా తెలుసు, యాక్సియల్ భాగం గొడవ లేదు, తప్పు ఎక్కడున్నా పట్టుబడుతుంది. కార్బన్ మీద 730 ఎంఈవీ బీమ్, 37.1 డిగ్రీల చెదురు కోణం డేటా తీసుకోండి. కదలని ఒంటరి ప్రోటాన్‌కైతే పీక్ 99 ఎంఈవీ శక్తి నష్టం దగ్గర వస్తుంది. కేంద్రకంలో అది ఇంకాస్త కుడికి జరగాలి.

ప్రశ్న: వేసి చూశానండి. పీక్ చోటు సరిగ్గానే వచ్చింది. కానీ పీక్ దాటాక, డెల్టా (న్యూక్లియాన్ ఉత్తేజిత స్థితి) పీక్ మొదలయ్యే లోపు నా గీత గుంటలో పడిపోతోంది. డేటా బాగా పైనుంది.

జవాబు: దొరికింది! డెల్టా తోక కలిపినా ఆ గుంట పూర్తిగా పూడదు. అక్కడ దెబ్బ తగిలేది ఒక్క న్యూక్లియాన్‌కి కాదు, పయాన్ అనే కణాన్ని ఇచ్చిపుచ్చుకుంటున్న న్యూక్లియాన్ల జంటకి. రెండూ బయటికొచ్చేస్తాయి. దీన్నే 2పీ2హెచ్ (రెండు పార్టికల్స్, రెండు హోల్స్) అంటాం. మినీబూన్‌లో మ్యూయాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, బరువైన కణం) కనబడి పయాన్ కనబడకపోతే క్వాసీ ఎలాస్టిక్ కిందే రాసుకున్నారు, వెళ్లిపోయిన న్యూక్లియాన్ ఒకటా రెండా అని చూడలేదు. పైగా న్యూట్రినో బీమ్‌లో రకరకాల శక్తులు ఉంటాయి కాబట్టి ఆ గుంట విడిగా కనబడదు, అంతా కలిసిపోతుంది. మార్టిని బృందం 2009లో ఈ జంటల వాటా కలిపి, యాక్సియల్ మాస్‌ని ముట్టుకోకుండానే డేటాని అందుకుంది.

1.35 పెడితే ఎత్తు సరిపోతుంది, కానీ జంట ఘటనల్ని ఒక్క న్యూక్లియాన్ సూత్రంతో లెక్కించినట్టే. న్యూట్రినో శక్తి తక్కువగా తేలుతుంది, ఆసిలేషన్ (న్యూట్రినోలు ఒక రకం నుంచి మరో రకానికి మారడం) ఫలితం చెడుతుంది.

మరొకరు: తర్వాత ఆర్గాన్ చేసేట్టయితే జెఫర్సన్ ల్యాబ్ ఎలక్ట్రాన్ డేటా చూడండి. టైటానియం మీద కూడా కొలిచారు. ఆర్గాన్‌లో న్యూట్రాన్లు 22, టైటానియంలో ప్రోటాన్లు 22. ఆర్గాన్ న్యూట్రాన్ల అమరికని అంచనా వేయడానికి అంతకంటే దగ్గరి దారి నాకు కనబడలేదు.