ఇద్దరికీ ఇష్టమే, లాయరు ఫీజుకే డబ్బుల్లేవు. విడాకులు ఎలా?

తెనాలి అమ్మాయి:
మాది తెనాలి దగ్గర పల్లె. బట్టల షాపులో పని, జీతం పదకొండు వేలు. మా ఆయన హైదరాబాదులో పెయింటింగ్ పనికి వెళ్తాడు. రెండేళ్లుగా ఎవరి దారి వాళ్లది. కొట్లాటలు లేవు, కేసులు లేవు. పాప పుట్టినరోజుకి గౌను తెచ్చి, మా అమ్మ పెట్టిన అన్నం తిని వెళ్తాడు. కాపురం మాత్రం మావల్ల కాదని ఇద్దరికీ తెలుసు.

ఊళ్లో పెద్దమనుషులేమో వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని సంతకాలు పెట్టేయమంటున్నారు. ఒక లాయరుగారిని అడిగితే నలభై వేలు అన్నారు. ఉచితంగా లాయర్ని ఇస్తారట, నిజమేనా? ఫ్రీ అంటే ఎవరూ పట్టించుకోరేమోనని టెన్షన్. పాప నా దగ్గరే ఉంటుంది, దాని గురించి ఏం రాయించుకోవాలి?

గుంటూరు అక్క:
చెల్లీ, ఆ స్టాంపు పేపరు జోలికి పోకు. పెద్దమనుషులు ఆ రోజు టీ తాగి వెళ్లిపోతారు, రేపు ఇద్దరిలో ఎవరు మళ్లీ పెళ్లి చేసుకున్నా చిక్కులు పడేది మీరే. చట్టం లెక్కలో మొదటి పెళ్లి అలాగే ఉంటుంది.

నేను ఉచిత లాయరుతోనే విడాకులు తీసుకున్నాను. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఉచితంగా లాయర్ని ఇచ్చేది వాళ్లే. తెల్ల కాగితం మీద అర్జీ రాసిచ్చాను, ఆధార్ జిరాక్సు పెట్టాను. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేదు, 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. రేషన్ కార్డు లేకపోయినా ఇవ్వాల్సిందే. లాయరు ఫీజు, కోర్టు ఫీజు, కాగితాలు తయారు చేసే ఖర్చు అన్నీ వాళ్లే చూసుకుంటారు. నాకు ఇచ్చిన మేడమ్ వాయిదా ముందురోజు తనే ఫోన్ చేసేది. డబ్బులు పోసి పెట్టుకున్న లాయర్లందరూ అలా చేస్తారని అనుకోకు!

పెళ్లి ఫొటో, శుభలేఖ దాచుకున్నావా? అవి అడుగుతారు.

పారా లీగల్ వాలంటీర్:
అమ్మా, ముందు ఒకటి చెప్పండి. పెళ్లి హిందూ పద్ధతిలో జరిగిందా, చర్చిలోనా? చర్చి పెళ్లికి చట్టం వేరు. హిందూ పెళ్లయితే 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి, అంటే ఇద్దరి ఇష్టంతో తీసుకునే విడాకులు. ఏడాదికి తగ్గకుండా విడిగా ఉండాలి, మీకు అది సరిపోయింది. ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేస్తారు. ఆ తర్వాత ఆరు నెలలు ఆగాలి. అయితే 2017లో సుప్రీంకోర్టు, తగిన కారణం ఉంటే జడ్జిగారు ఈ గడువు తీసేయొచ్చని చెప్పింది. ఏడాదిన్నరకు పైగా విడిగా ఉండి, పిల్లల విషయం, డబ్బు విషయం తేల్చుకున్నవాళ్లు అడగొచ్చు. మీ లాయరుకి ఆ మాట గుర్తుచేయండి.

మీ ఆయన కూడా ఉచిత సహాయం అడగొచ్చు. ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ అయితే ఆ లెక్క కూడా లేదు. అనుమానాలుంటే న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.

పాప సంగతి గట్టిగా రాయించండి. "అప్పుడప్పుడూ చూసి వెళ్తాడు" అంటే కుదరదు. నెలకు ఎంత, ఏ తేదీకి, ఏ ఖాతాలో వేస్తాడు, బడి ఫీజు ఎవరిది, సెలవుల్లో ఎవరి దగ్గర ఉంటుంది, అన్నీ ఉండాలి. ఇప్పుడు మంచిగా ఉన్నారు కాబట్టే ఇవన్నీ సులువుగా ఒప్పుకుంటారు. మీ బంగారం, సామాన్లు మీకు అందాయా లేదా అన్నదీ రాయండి. భరణం వద్దని మీరు అనొచ్చు గానీ, పాప పోషణ హక్కు మీ సంతకంతో పోదు.

నల్లకోటు మామ:
స్టాంపు పేపరు గురించి చిన్న సవరణ. కులాచారంగా విడాకులున్న చోట అదే హిందూ వివాహ చట్టం సెక్షన్ 29 ఒప్పుకుంటుంది. కానీ ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాలి. ఆ తిప్పలు కంటే 13బి నయం. ఇంకొకటి, చివరి విచారణ రోజున ఇద్దరూ "ఇష్టమే" అని చెప్పాలి. అప్పటిదాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు.

తెనాలి అమ్మాయి:
గుళ్లోనే జరిగిందండీ. ఫొటోలు ఉన్నాయి, శుభలేఖ వెతకాలి. ఆయనతో మాట్లాడాను, పాపకి నెలకు మూడు వేలు వేస్తానన్నాడు. సంక్రాంతికి వస్తాడట, అప్పుడు ఇద్దరం వెళ్లి అర్జీ ఇస్తాం.

గుంటూరు అక్క:
సంక్రాంతికి కోర్టులకి సెలవులమ్మా! పండక్కి రెండు వారాల ముందే రమ్మను. ఇంకా మేలు, నీ అర్జీ ఈ వారమే నువ్వొక్కదానివే వెళ్లి ఇచ్చెయ్. మూడు వేలు అంటున్నావు, పాప బడిలో చేరాక ఏటా కొంత పెంచేలా కూడా రాయించుకో.