మీటింగ్‌లో అందరూ ఓకే అంటారు, బయటికొచ్చాక "ఇది అవ్వదు" అంటారు. ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే అండి. ఎనిమిది మంది టీమ్‌కి లీడ్‌ని నేను. ఏ ప్లాన్ పెట్టినా ఎవరూ నోరు మెదపరు, "డౌట్స్ ఏమైనా ఉన్నాయా" అంటే అందరూ మ్యూట్‌లోనే ఉంటారు, చివర్లో చాట్‌లో రెండు థమ్సప్‌లు పడతాయి అంతే. కాల్ అయ్యాక మాత్రం ఒక్కొక్కరే విడిగా మెసేజ్ పెడతారు ఈ డేట్‌కి కష్టమండీ అని. మొన్నటి రిలీజ్‌లో డేటా మార్చే స్క్రిప్ట్ టెస్టింగ్‌లోనే ఆగిపోతోందని టెస్టింగ్ చూసే అమ్మాయికి ముందే తెలుసట, మిగతా అందరూ రెడీ రెడీ అంటుంటే తనకే ఏదో సరిగ్గా అర్థం కాలేదేమో అనుకుని ఊరుకుందట. బాధేసింది. ఆ మాటేదో మీటింగ్‌లోనే బయటికి రావాలంటే ఏం చేయాలి?

జవాబు:
ముందు ఆ "డౌట్స్ ఉన్నాయా" అనే ప్రశ్న మానేయండి, దానికి లేవు అనేయడం చాలా తేలిక. దాని బదులు మీటింగ్‌కి ముందురోజే ఒక షీట్ పంపి, ఈ ప్లాన్ ఎక్కడ దెబ్బతినొచ్చో ఒక్కొక్కరినీ రెండేసి పాయింట్లు రాయమనండి, పేరు రాయకపోయినా పర్లేదు. అందరూ రాశాకే షీట్ ఓపెన్ చేయాలి, లేకపోతే మొదట రాసినవాళ్లనే మిగతావాళ్లు ఫాలో అయిపోతారు.

మీ టెస్టర్ పిరికిది అనుకోకండి. 1950ల్లో సోలమన్ యాష్ అనే సైకాలజిస్ట్ గీతల పొడవు పోల్చమని ప్రయోగం చేశాడు, కళ్లకి స్పష్టంగా కనిపించేదే, కానీ పక్కవాళ్లంతా కావాలని ఒకే తప్పు జవాబు చెప్తుంటే దాదాపు మూడోవంతు సార్లు జనం ఆ తప్పే చెప్పారు. అదే గుంపులో ఇంకొక్కడు సరైన జవాబు చెప్తే చాలు, ఆ లొంగిపోవడం బాగా తగ్గిపోయింది. ఒక్క తోడు చాలు అన్నమాట, రాసి పెట్టిన షీట్‌లో ఆ తోడు దొరికే ఛాన్స్ ఎక్కువ.

ఇంకొకరి జవాబు:
పైన చెప్పింది కరెక్ట్. దానికి తోడు మీ అభిప్రాయం చివర్లో చెప్పండి, లీడ్ మొదటే "నాకైతే ఇది బావుంది" అంటే మిగతావాళ్లు గంగిరెద్దుల్లా తలూపుతారు. 1961లో క్యూబా మీద అమెరికా చేయించిన బే ఆఫ్ పిగ్స్ దాడి ముందు అమెరికా అధ్యక్షుడు కెనెడీ సలహాదారు ష్లెసింజర్ వద్దని నోట్ రాసిచ్చి కూడా మీటింగుల్లో మాత్రం పెద్దగా ఎదురు చెప్పలేదు, ఆ దాడి ఘోరంగా ఫెయిలైంది. తర్వాతి సంవత్సరం క్యూబాలో సోవియట్ క్షిపణుల సంక్షోభం వచ్చినప్పుడు కెనెడీ కొన్ని మీటింగులకి కావాలనే వెళ్లలేదు, తను లేకపోతే ఫ్రీగా మాట్లాడతారని. 1972లో సైకాలజిస్ట్ ఇర్వింగ్ జానిస్ గ్రూప్‌థింక్ గురించి, అంటే అందరూ ఒకే మాట మీద ఉండాలని డౌట్లు మింగేసుకోవడం గురించి రాసినప్పుడు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూపించాడు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. ప్రతి మీటింగ్‌లో ఒకరికి "నువ్వు వ్యతిరేకంగా మాట్లాడు" అని డ్యూటీ వేస్తే?

మొదట జవాబిచ్చినవారు:
ఏమీ లేనిదానికన్నా నయం, కానీ నాకు పెద్ద నమ్మకం లేదు. అది నటన అని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, సైకాలజిస్ట్ షార్లన్ నెమెత్ పరిశోధనల్లో కూడా నిజంగా నమ్మి ఎదురు చెప్పేవాళ్ల వల్లే మిగతావాళ్ల ఆలోచన ఎక్కువ కదిలింది. దానికన్నా గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్ట్ చెప్పిన ప్రీమార్టమ్ ట్రై చేయండి: "ఆరు నెలలైంది, ప్రాజెక్ట్ పూర్తిగా మునిగిపోయింది, ఎందుకు మునిగిందో రాయండి" అనడమే. ఇక్కడ లోపం వెతకడమే పని కాబట్టి ఎవరికీ ఎదురు చెప్పినట్టు ఉండదు. పని బట్టి కూడా అడగండి, "టెస్టింగ్‌లో నువ్వు చూసినవాటిలో మాకు తెలియనిది ఏంటి" అని, ఎందుకంటే గుంపులో కూర్చుంటే అందరికీ తెలిసిందే మళ్లీ మళ్లీ మాట్లాడుకుంటాం.

ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు. లోపం ఎత్తి చూపినవాళ్లకే "అయితే నువ్వే చూసుకో" అని ఆ పని అంటగట్టకండి, అలా ఒక్కసారి చేసినా మళ్లీ ఎవరూ నోరు తెరవరు. ఆ టెస్టర్ చెప్పిన పాయింట్ తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో అదే షీట్‌లో పక్కన రాయండి.