సింబ్రీఫ్ ప్లాన్‌లో ఇంధనం 800 కేజీలు తేడా, రూట్‌లో డిస్‌కంటిన్యుటీలు: ఏ320

ట్రిమ్‌వీల్:
ఎంఎస్‌ఎఫ్‌ఎస్ (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్)లో సీఎఫ్‌ఎం56 ఇంజన్ల ఏ320 యాడ్-ఆన్ (విడిగా కలుపుకునే విమానం). సింబ్రీఫ్ (ఫ్లైట్ ప్లాన్ తయారుచేసే వెబ్‌సైట్)లో ప్లాన్ చేసి ఎంసీడీయూ (కాక్‌పిట్‌లోని ఫ్లైట్ కంప్యూటర్ తెర, కీలు)లో ఇనిట్ రిక్వెస్ట్‌తో దించుకున్నాను. 2 గంటల 10 నిమిషాల ఫ్లైట్‌కి ట్రిప్ ఫ్యూయల్ 5,000 కేజీలు, దిగేసరికి 2,600 మిగలాలి. మిగిలింది 1,800. ఒక వేపాయింట్ (రూట్‌లో పేరున్న బిందువు) కొడితే 'నాట్ ఇన్ డేటా బేస్' అంటోంది. ఎస్‌ఐడీ (ఎయిర్‌పోర్టు నుంచి బయల్దేరే నిర్ణీత దారి) చివర, స్టార్ (దిగడానికి వచ్చే నిర్ణీత దారి) మొదట్లో డిస్‌కంటిన్యుటీ (రూట్‌లో తెగిన చోటు). ప్లాన్‌లో టైప్ ఏ20ఎన్, ప్యాసింజర్ల సంఖ్య రెండుచోట్లా ఒకటే. తప్పు ఎక్కడుంది?

ఫ్లాప్స్‌ఫుల్:
టైప్ దగ్గరే. ఏ20ఎన్ అంటే నియో (కొత్త తరం ఇంజన్ల ఏ320). మీ విమానం సీఈఓ (పాత తరం ఇంజన్లది), దాని కోడ్ ఏ320. నియో 15 శాతం దాకా తక్కువ తాగుతుంది కాబట్టి 5,000ని 0.85తో భాగించండి, దాదాపు 5,880 వస్తుంది. మీ 800 తేడా ఆ లెక్కలోనే ఇమిడిపోతుంది. బరువు వల్ల ఇంత రాదు: ఒక టన్ను అదనంగా మోస్తే గంటకి ఆ బరువులో సుమారు 3 శాతం, అంటే మీ ఫ్లైట్ మొత్తానికి 65 కేజీలు అటూ ఇటూ.

సింబ్రీఫ్‌లో ఏ320 మీద కొత్త ఎయిర్‌ఫ్రేమ్ (విమానం వివరాల ప్రొఫైల్) సేవ్ చేసుకోండి. ఖాళీ బరువు, గరిష్ఠ జీరో ఫ్యూయల్ (ఇంధనం తప్ప మిగతా మొత్తం), టేకాఫ్, ల్యాండింగ్ బరువులు, ట్యాంకుల సామర్థ్యం యాడ్-ఆన్ మాన్యువల్‌లో ఉన్నవే వేయండి. అక్కడా ఇక్కడా యూనిట్ కేజీలే ఉందా చూడండి, పౌండ్లయితే అంకె 2.2 రెట్లు అవుతుంది. సరిపోల్చాల్సింది ప్యాసింజర్ల సంఖ్య కాదు, జీరో ఫ్యూయల్ వెయిట్. మనిషికీ బ్యాగుకీ ఎంత బరువు పట్టుకోవాలన్నది రెండు చోట్లా వేరుగా ఉంటుంది.

ఆ తర్వాత నాలుగైదు ఫ్లైట్లు కొలవండి. టేకాఫ్ రోల్ మొదట్లో ఎఫ్‌ఓబీ (విమానంలో ఉన్న ఇంధనం), టచ్‌డౌన్‌లో ఎఫ్‌ఓబీ రాసుకుని తీసేయండి. ట్యాక్సీ కలపకండి. గేటు దగ్గర ఏపీయూ (తోకలోని చిన్న సహాయక ఇంజన్) గంటకి సుమారు 130 కేజీలు తాగుతుంది, దాన్ని క్రూజ్ ఖాతాలో వేస్తే లెక్క చెడుతుంది. ఖర్చు ప్రతిసారీ 3 శాతం ఎక్కువ వస్తుంటే ఎయిర్‌ఫ్రేమ్‌లో ఫ్యూయల్ ఫ్యాక్టర్ పీ03 (ప్లస్ 3), 2 శాతం తక్కువైతే ఎం02 (మైనస్ 2). కాస్ట్ ఇండెక్స్ (వేగమా ఇంధన పొదుపా అని చెప్పే అంకె), క్రూజ్ లెవెల్ ప్లాన్‌లోవే వాడితేనే ఈ పోలికకి విలువ. ఒక్క ఫ్లైట్ చూసి ఫ్యాక్టర్ మార్చకండి.

నావ్‌డేటా_28:
వేపాయింట్ సంగతి ఎయిరాక్ (నావిగేషన్ డేటా విడుదల సైకిల్). ఈ డేటా 28 రోజులకోసారి మారుతుంది, ఏడాదికి 13 సైకిళ్లు. సింబ్రీఫ్ ఉచిత ఖాతాకి పాత సైకిల్ ఇస్తుంది, నావిగ్రాఫ్ (ఈ డేటా అమ్మే సంస్థ) చందాదారులకి తాజాది. సిమ్‌కి ఒక డేటాబేస్, చాలా పెద్ద యాడ్-ఆన్లకి తమ సొంత డేటాబేస్. ఒకటి అప్‌డేట్ చేస్తే రెండోది దానంతటది మారదు. ప్లాన్ పైన ఉన్న సైకిల్ నంబరూ, ఎంసీడీయూ ఎయిర్‌క్రాఫ్ట్ స్టేటస్ పేజీలోని తేదీలూ ఒకే సైకిల్‌వా చూడండి.

డిస్‌కంటిన్యుటీ లోపం కాదు. చాలా ఎయిర్‌బస్ యాడ్-ఆన్లలో అప్‌లింక్ (ప్లాన్ దించుకోవడం) ఎన్‌రూట్ (మధ్య దారి) వరకే తెస్తుంది, రన్‌వే, ఎస్‌ఐడీ, స్టార్ మనమే ఎంచాలి. ఎంచాక ఎస్‌ఐడీ ఆఖరి ఫిక్సూ (వేపాయింటే) రూట్ మొదటి ఫిక్సూ ఒకటే అయితే క్లియర్ నొక్కి ఆ లైన్ ఎడమ కీ నొక్కండి, అతుక్కుంటుంది. వేరైతే కారణం వెతకండి. సాధారణంగా తప్పు ట్రాన్సిషన్ (ఎస్‌ఐడీని, స్టార్‌ని రూట్‌కి కలిపే భాగం) ఎంచి ఉంటారు. ఎన్‌డీని (రూట్ చూపే మ్యాప్ తెర) ప్లాన్ మోడ్‌లో పెట్టి, పై బాణంతో ఒక్కో ఫిక్స్ జరుపుతూ చూస్తే వెనక్కి తిరిగే గీత వెంటనే కనిపిస్తుంది.

'మాన్యువల్' లెగ్ (రూట్ ముక్క) తర్వాత వచ్చే డిస్‌కంటిన్యుటీని మాత్రం తీయకండి. అది ఏటీసీ వెక్టర్ల (కంట్రోలర్ చెప్పే దిశల) కోసం కావాలనే ఉంచినది. తీసేస్తే వెక్టర్ ఇవ్వకముందే విమానం తర్వాతి ఫిక్స్‌కి తిరిగిపోతుంది.

ట్రిమ్‌వీల్:
ఏ320 ఎయిర్‌ఫ్రేమ్‌తో మళ్లీ ప్లాన్ చేస్తే ట్రిప్ 5,760 వచ్చింది. స్టేటస్ పేజీలో సైకిల్ రెండు నెలల పాతది. క్రూజ్‌లో ఈఎఫ్‌ఓబీ (దిగేసరికి మిగులుతుందనే అంచనా ఇంధనం) మాత్రం ప్లాన్ కన్నా 300 ఎక్కువ చూపించి, దిగేకొద్దీ తగ్గుతోంది. ఎందుకు?

ఫ్లాప్స్‌ఫుల్:
గాలి ఎక్కించలేదు. ఎదురుగాలి సంగతి ఎంసీడీయూకి తెలియకపోతే మిగతా దూరాన్ని గాలి లేనట్టు లెక్కిస్తుంది. విండ్ రిక్వెస్ట్ నొక్కి క్లైంబ్, క్రూజ్, డిసెంట్ మూడూ ఇన్సర్ట్ చేయండి. దీనివల్ల అంచనా మారుతుంది, ఖర్చు మారదు. ప్లాన్ టేకాఫ్‌కి గంట రెండు గంటల ముందే తీయండి. నిన్నటి ప్లాన్‌తో లైవ్ వెదర్‌లో ఎగిరితే గాలులు కలవవు.