ప్లాస్మా “కరుగుతుందా”, మడత “వీడుతుందా”?

విశాఖలో వైద్య విద్యార్థుల కోసం తెలుగులో వ్యాసం రాస్తున్న మిత్రులొకరు “ప్లాస్మా ద్రవీభవన రేఖ” అన్న పదబంధం సరైనదేనా అని నిన్న ఇక్కడ అడిగారు. సరికాదని నా అభిప్రాయం. ద్రవీభవనమంటే ఘనం ద్రవంగా మారడం. ప్లాస్మా, అంటే రక్తంలో కణాలు తేలే భాగం, మొదటినుంచీ ద్రవమే.

ఈ రేఖను ఇచ్చే పరీక్షలో చిన్న పాత్రలోని పలుచటి ప్లాస్మాను సుమారు 45 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ దాకా మెల్లగా వేడిచేస్తూ, అందులోని ప్రోటీన్లు తమ మడతలు విప్పుకోవడానికి ఎంత ఉష్ణాన్ని పీల్చుకుంటున్నాయో కొలిచి రేఖగా గీస్తారు. అమెరికాలోని లూయివిల్ విశ్వవిద్యాలయంలో బ్రాడ్ ఛేర్స్, నికోలా గార్బెట్ బృందం దీనిని వ్యాధుల వైపు మళ్లించింది. ఆరోగ్యవంతుల రేఖలో 63 డిగ్రీల దగ్గర పెద్ద శిఖరం ఉంటుంది. అది ప్రధానంగా ప్లాస్మాలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ప్రోటీన్ ఆల్బుమిన్‌ది. 70 దాటే చోట శిఖరం పక్కన భుజంలా కనిపించే ఉబ్బులో ఇమ్యునోగ్లోబులిన్ల, అంటే రోగాలను ఎదిరించే ప్రతిరక్షక ప్రోటీన్ల, వాటా ఎక్కువ.

“పాలు విరిగినట్టు ప్రోటీన్లు విరుగుతాయి” అందామని మరొకరు సూచించారు. మాట అందమైనదే, కానీ మంచి పాలు ఎంత మరిగించినా విరగవు, నిమ్మరసం పిండితే విరుగుతాయి. అది పులుపు చేసే పని. వేడికి దగ్గరి పోలిక జున్ను. మొన్న మా ఇంట్లో జున్నుపాలలో బెల్లం, మిరియాలు కలిపి ఆవిరి మీద పెట్టాము. గిన్నె అంచున మొదట చిక్కబడి, నడుమ చాలాసేపు తొణికి, చివరకు చాకుతో కోసే ముక్క అయింది. ఆ పాలలో ఇమ్యునోగ్లోబులిన్లు మెండుగా ఉంటాయి. అయితే మనకు కనబడిన గట్టిపడడం రెండో అంకం. అంతకు ముందే మడతలు వీడిపోయాయి, యంత్రం కొలిచేది ఆ వీడడాన్నే.

జడ వీడింది, ముడి వీడింది అనే మనకు “మడత వీడే ఉష్ణోగ్రత” అన్నది కొత్తగా తోచదు. ఈ క్రియతో అసలు విషయం కూడా తేటపడుతుంది: జబ్బు చేసినప్పుడు రక్తంలో తిరిగే కొన్ని అణువులు ఆల్బుమిన్‌ను అంటుకుంటే, రిబ్బను కట్టిన జడలాగా దాని మడత గట్టిపడి, మరింత వేడికి గాని వీడదు, శిఖరం కుడివైపుకు జరుగుతుంది. “కరగడం” అంటే ఈ బిగింపును చెప్పే దారే ఉండదు.

ఇంకొక మనవి. ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది, పైగా రేఖ తనంతట తాను జబ్బు పేరు చెప్పదు. కనుక శీర్షికలో “రోగనిర్ధారణ రేఖ” అని కాక “ప్లాస్మా ఉష్ణరేఖ” అని రాయండి.