స్లొవేకియా ఎస్‌ఎన్‌పీ వీరుల బాట: వారం సెలవులో ఏ భాగం నడవాలి?

ప్రశ్న: నమస్కారమండీ. జర్మనీలో చదువుకుంటున్నాను. ఆగస్టు చివర్లో వారం సెలవు ఉంది. 1944లో నాజీ జర్మనీకి ఎదురు తిరిగిన స్లొవాక్ జాతీయ తిరుగుబాటు (ఎస్‌ఎన్‌పీ) పేరున ఉన్న ఈ బాట నడవాలని కోరిక. పోలండ్ సరిహద్దులోని డుక్లా కనుమలో మొదలుపెట్టి ఎంత వీలైతే అంత నడవనా? మాంసం తినను, అదో టెన్షన్.

జవాబు 1: డుక్లా నుంచి బ్రాటిస్లావా పక్కనున్న డెవీన్ కోట దాకా దాదాపు 770 కి.మీ. మొత్తం నడిచేవాళ్లకు ఇంచుమించు నెల పడుతుంది. మీరు డుక్లా వదిలేయండి, అక్కడి రెండో ప్రపంచ యుద్ధపు ట్యాంకులూ స్మారకమూ ఎప్పుడైనా బండిలో వెళ్లి చూడొచ్చు. తెల్గార్ట్ ఊరి నుంచి దోనోవలి ఊరి దాకా ‘లో టాట్రాస్’ (Low Tatras) అనే కొండల వరుస శిఖరాల మీదుగా నడవండి, సుమారు 100 కి.మీ.

నా లెక్కలో అసలు కథ అక్కడే ఉంది. ఆగస్టు 29న మొదలైన తిరుగుబాటుకు బాన్స్కా బిస్త్రిత్సా కేంద్రం. అక్టోబరు 27న ఆ ఊరు జర్మన్ల వశమయ్యాక మిగిలినవాళ్లు ఈ కొండలు పట్టారు. నవంబరు 10న ఖాబెనెత్స్ కొండ దాటుతూ మంచు తుఫానులో యాన్ ష్వెర్మా అనే కమ్యూనిస్టు నాయకుడు చనిపోయాడు. మీరు వెళ్లేదీ ఆ కొండ మీదుగానే. వేసవిలోనైనా పైన చెట్టూచేమా ఉండవు, పిడుగులు పడితే తలదాచుకునే చోటు లేదు. పొద్దున్నే బయల్దేరండి, మబ్బు పడితే మొండికేయకుండా కిందికి దిగిపోండి. రెండు తెల్ల పట్టీల మధ్య ఎర్ర పట్టీ మీ దారి గుర్తు.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్సండీ. టెంటు మోయాలా?

జవాబు 2: అది నేషనల్ పార్కు, ఎక్కడపడితే అక్కడ టెంటు వేయకూడదు. పైగా ఎలుగుబంట్లు తిరిగే అడవి. దారిలో డ్యుంబియెర్ శిఖరం కింద ష్టెఫానిక్ అనే బస, ఖోపోక్ శిఖరం దగ్గర ఇంకో బస ఉన్నాయి, ముందే బుక్ చేసుకోండి. తెల్గార్ట్ వైపు సగంలో ఉన్నవి మామూలు చెక్క గుడిసెలు, స్లీపింగ్ బ్యాగ్ తప్పదు.

తిండికి భయపడకండి. హలూష్కి అని బంగాళదుంప పిండి ముద్దల మీద గొర్రె పాల చీజ్ వేసి ఇస్తారు. పైన పంది మాంసం ముక్కలు చల్లుతారు కాబట్టి ఆర్డరిచ్చేటప్పుడే ‘బెజ్ స్లానినీ’ అనండి. వేయించిన చీజూ దొరుకుతుంది. నేనైతే రెండు పూటలకు అటుకులు, కారప్పొడి సంచిలో పడేస్తాను.

ఇన్సూరెన్స్ మాత్రం మర్చిపోవద్దు. అక్కడ కొండల్లో రెస్క్యూ ఉచితం కాదు, హెలికాప్టర్ వస్తే బిల్లు మీకే వస్తుంది. మీ స్టూడెంట్ పాలసీలో అది ఉందో లేదో ఇవాళే చూసుకోండి.