‘ఘాటు’ ఒక్కటే చాలుతుందా? క్యూబా పొట్టి చుట్ట రుచికి మాటలు కావాలి

గ్రూపులో అందరికీ నమస్కారం. క్యూబా చుట్టల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. పార్టగాస్ సీరీ డి నంబర్ 4 అనే చుట్టని తాగి మార్కులు వేసే భాగం దగ్గర బండి ఆగింది. ఇది ‘రోబుస్టో’ కొలత. పొడవు 124 మిల్లీమీటర్లు, లావు 50 రింగ్ గేజ్. రింగ్ గేజ్ అంటే అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో ఎన్ని అని. 50 అంటే రమారమి 20 మిల్లీమీటర్ల అడ్డుకొలత. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. రోబుస్టో అన్న పేరు అలాగే ఉంచేస్తాను, దాంతో పేచీ లేదు.

పేచీ అంతా రుచి దగ్గర. క్యూబా ఫ్యాక్టరీల్లో రుచి చూసేవాళ్లు పొగ ఎలా లాగుతోంది, ఎలా కాలుతోంది, బలం ఎంత, వాసన ఎలా ఉంది, రుచి ఎలా ఉంది అని దేనికది విడిగా చూస్తారు. నాకేమో బలం, వాసన, రుచి మూడూ ‘ఘాటు’ దగ్గరికే వచ్చి పడుతున్నాయి. ‘బలం ఓ మోస్తరు, రుచి మాత్రం నిండుగా ఉంది’ అనే అర్థం వచ్చేలా చుట్ట తాగేవాళ్లు ఏమంటారు? ఖగపతి పద్యం మాత్రం ఎవరూ పెట్టకండి, దండం పెడతాను.

గోదావరి లంకల వైపు సభ్యుడు:
మా నాన్నగారు లంక పొగాకు వేసేవారండీ. మావైపు చుట్ట తాగేవాళ్లు అన్నిటికీ ఘాటు అనరు. ముక్కుకి తగిలితే ఘాటు. గొంతు దగ్గర గరగరలాడితే ‘గొంతు పట్టేసింది’. తలకి చేరితే ‘ఎక్కింది’. మీ వ్యాసంలో బలం అంటున్నది ఈ ఎక్కడమే, అది నికోటిన్ పని. కాబట్టి ‘పెద్దగా ఎక్కదు గానీ నోరు నిండుతుంది’ అని రాసేయండి. పరగడుపున తాగితే ఏ చుట్టయినా ఎక్కుతుంది, దానికి మార్కులు తగ్గించకూడదు.

ఇంకోటి, తేమ గురించి రాసేటప్పుడు ‘ఆర్ద్రత’ అని మొదలుపెట్టకండి బాబూ. ఆకు పదునులో ఉండాలి అంటాం. పదును తప్పి ఎండితే పెళుసెక్కి పొగ చురుక్కుమంటుంది. నెమ్ము ఎక్కువైతే మాటిమాటికీ ఆరిపోతుంది.

టొరంటో సభ్యుడు:
కెనడాలో క్యూబా చుట్టలు దొరుకుతాయి కనుక నాకు కొంచెం పరిచయం ఉంది. అమెరికాలో ఉన్న మన మిత్రులకి 1962 నుంచి అక్కడి ఆంక్షల తలనొప్పి. ముందుగా ఒక తమాషా. హవానాలో చుట్ట కావాలనుకుని ‘సిగార్రో’ అని అడిగితే సిగరెట్ చేతిలో పెడతారు. వాళ్లు చుట్టని ‘తబాకో’ అనో ‘పూరో’ అనో అంటారు.

ఇక అసలు సంగతి. ఈ పొట్టి చుట్ట లావుగా ఉండటం ఊరికే కాదు. లోపల రకరకాల ఆకులు పట్టాలి. మొక్క అడుగున వచ్చే ‘వొలాదో’ బాగా కాలుతుంది. నడుమ వచ్చే ‘సేకో’ వాసన ఇస్తుంది. పైన ఎండ తగిలి మందంగా పెరిగే ‘లిహేరో’ బలాన్నిస్తుంది, కానీ నెమ్మదిగా కాలుతుంది కాబట్టి సరిగ్గా మధ్యలో పెడతారు. స్పానిష్‌లో లిహేరో అంటే తేలిక అని! అన్నిటికన్నా తలకెక్కే ఆకుకి ఆ పేరు. సన్న చుట్టలో ఇవన్నీ సర్దడం కష్టం, పైగా పొగ త్వరగా వేడెక్కుతుంది. లావు చుట్టలో పొగ చల్లగా వస్తుంది.

తాగేవాడి తొందర కూడా లెక్కలోకి వస్తుంది. నిమిషానికో దమ్ము లాగితే చాలు. ఆబగా గుప్పుగుప్పున లాగితే నిప్పు వేడెక్కి, నోరంతా చేదు. అప్పుడు ‘ఈ చుట్ట బాగోలేదు’ అని రాసేవాళ్లని చాలామందిని చూశాను. పొగని నోట్లో తిప్పి వదిలేస్తారు, ఊపిరితిత్తుల్లోకి లాగరు. వెలిగించకముందే ఒకసారి ఉత్తిగా పీల్చి చూస్తారు. ఎండుగడ్డి వాసనో, దేవదారు చెక్క వాసనో అప్పుడే తెలుస్తుంది. మరీ కొత్త పెట్టె అయితే ముక్కుకి అమ్మోనియా కొడుతుంది, ఇంకా మగ్గాలి అన్నమాట.

గుంటూరు నుంచి ఒక మాస్టారు:
అమ్మోనియా ఎందుకు నాయనా, నవాసారం వాసన అనొచ్చుగా. మగ్గడం అన్నావు, అది బాగుంది. ఆకు కోసి ఆరబెట్టి మండె కట్టి మగ్గబెట్టడం మనకి కొత్త కాదు, క్యూబాలోనూ కుప్పలు పేర్చి మగ్గబెడతారు.

నా అభ్యంతరం వేరే ఉంది. ఆంగ్లంలో మిరియం, తోలు, మట్టి అని రాస్తారు చూడండి, వాటిని ఉన్నదున్నట్టు దించేస్తే ప్రమాదం. ‘మట్టివాసన’ అనగానే మనవాడికి తొలకరి గుర్తొస్తుంది, ప్రాణం లేచొస్తుంది. అక్కడ చెప్పేది ఆ వాసన కాదు. పొడిగా, బరువుగా, తవ్వితీసిన చేమదుంపకి అంటుకున్న మట్టిలా ఉంటుందంటారు. ‘తోలు రుచి’ అని రాస్తే చదివేవాడు పుస్తకం మూసేస్తాడు. కొత్త చెప్పుల వాసన అనండి. మిరియానికి కారం అనకండి, మనకి కారం అంటే మిరపకాయే. అక్కడ మాత్రం మీ ‘ఘాటు’ని వాడుకోండి, మిరియపు ఘాటు అని.

శ్రీకాకుళం సభ్యురాలు:
మా మామ్మ అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఆవిడ దగ్గర ఈ మాటలేవీ వినలేదు. ఘాటుగా ఉందా లేదా, అంతే. అంగిలి అలా కాలిపోతుంటే ఇంక రుచి ఏం తెలుస్తుంది? మావైపు ఆడవాళ్లలో అంగిలి కాన్సర్ గురించి డాక్టర్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. చర్చకి అడ్డం రావడం లేదు, పొగ లోపలికి లాగకపోతే పరవాలేదని ఎవరైనా అనుకుంటారేమోనని చెప్తున్నా.

ప్రశ్న అడిగిన నేనే:
మంచిమాట చెప్పారమ్మా, ఆ ముక్క వ్యాసంలో చేరుస్తాను. అందరి మాటలూ కలిపి రాసిన చిత్తు ఇది, చూడండి:

‘పై ఆకు గోధుమరంగులో, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. వేలితో నొక్కితే ఎక్కడా గట్టిగానూ లేదు, బోలుగానూ లేదు. ఉత్తిగా పీలిస్తే ఎండుగడ్డి, దేవదారు. ముట్టించాక మొదట మిరియపు ఘాటు ముక్కుకి తగిలి, కాసేపటికి సర్దుకుంది. నడుమకి వచ్చేసరికి చక్కెర లేని కాఫీ, కొత్త చెప్పుల వాసన. బూడిద గట్టిగా నిలిచింది, నిప్పు ఓ పక్కకి ఒరగలేదు. పొగ లాగడానికి కాస్త బిగువుగా ఉంది, అక్కడ ఒక మార్కు తగ్గించాను. గొంతు పట్టలేదు. చివరి వంతులో మాత్రం లిహేరో తన సంగతి చూపించింది, కూర్చున్నవాణ్ణి లేవాలంటే కుర్చీ పట్టుకోవాల్సి వచ్చింది.’

లంకల సభ్యుడు:
దివ్యంగా ఉంది. ‘చివరి వంతు’ అదోలా ఉంది గానీ. ‘పీక దగ్గరికి వచ్చేసరికి’ అనండి.

నేను:
పీక అంటే పారేసేది కదండీ. ఇక్కడ ఇంకా పావుగంట తాగాల్సిన చుట్ట మిగిలి ఉంది. చుట్టని మూడు వంతులు చేసి దేనికది చెప్పడం వాళ్ల పద్ధతి, అందుకని ‘చివరి వంతు’ ఉంచేస్తున్నాను. ‘బిగువు’ మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే రేపు సాయంత్రంలోగా చెప్పండి, ఎల్లుండి పంపేయాలి.

మాస్టారు:
బిగువు సరే. ‘నిగనిగ’ ఉంది కదా, ‘నూనె రాసినట్టు’ కొట్టేయ్.